వేసిన లైట్లు

"లైట్లు వేశారా, లేదా? అదొక్కటే చెప్పండమ్మా. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు సూపర్‌వైజర్.

"వేశానండీ."

"హజార్డ్ లైట్లే కదా? నాలుగూ?"

"ఒకటే బటనండీ. నొక్కితే నాలుగూ కొట్టుకుంటాయి. నొక్కాను."

సూపర్‌వైజర్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ముక్కు మీద పడిన గుంటల్ని వేళ్ళతో రుద్దుకున్నాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. లాండ్రీలో డ్రైవర్లందరికీ ఆయనంటే ఇష్టం అందుకే. ఈరోజు మాత్రం ఆయన కాస్త అరిస్తే బాగుండుననిపించిందామెకి. ఆయన అరిస్తే తనూ అరవచ్చు. ఇలా మెత్తగా అడుగుతుంటే మెత్తగానే చెప్పాలి, మెత్తగా చెప్పిన మాట ఎందుకో అబద్ధంలా వినిపిస్తుంది.

గది అద్దానికి అవతల పెద్ద మిషన్లు తిరుగుతున్నాయి. ఆస్పత్రుల నుంచి వచ్చిన మాసిన దుప్పట్లు గుండ్రటి తలుపుల వెనక పైకి లేచి దబ్బున కింద పడుతున్నాయి. ఇస్త్రీ రోలర్ దగ్గరున్న ఆడవాళ్ళు చేతులు ఆపకుండానే ఇటు చూస్తున్నారు.

"ప్రమాదం జరిగిన చోటున్న టీ కొట్టతను పోలీసులకి ఏం చెప్పాడో తెలుసా?" అన్నాడు సూపర్‌వైజర్. "గుద్దుకున్న తర్వాత వేసిందండీ, నా కళ్ళతో చూశాను, అన్నాడు. మీ మీద అతనికేం పగ? మీరెవరో కూడా తెలీదు."

పగ లేదు. ఆ మాట ఆమెకీ తెలుసు. ఆరోజు ఆమెని తన బెంచీ మీద కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చి, "తాగమ్మా, ముందు తాగు," అన్నది అతనే.

"మళ్ళీ ఒకసారి చెప్పండి. మొదట్నుంచి."

చెప్పింది. ఇప్పటికి ఎంతమందికి చెప్పిందో. పోలీసుకి, భర్తకి, పక్కింటావిడకి. చెప్పిన ప్రతిసారీ మాటలు అరిగిపోయి పలచబడుతున్నాయి. తెల్లవారుజామున మంచు. రోడ్డు సరిగ్గా కనిపించట్లేదు. వెనక టైరు మెత్తబడి బండి పక్కకి లాగింది. సగం మట్టి మీదికి దింపి ఆపాను. ఎర్ర బటన్ నొక్కాను. హ్యాండ్ బ్రేక్ లాగాను. తాళంచెవి తీసుకున్నాను, ఎందుకంటే సామాను తలుపుకీ అదే తాళంచెవి. జాకీ, రోడ్డు మీద పెట్టే మెరుపు త్రికోణం అన్నీ లోపల మూటల కిందే ఉంటాయి. రోడ్డువైపు దిగితే ఎవరైనా గుద్దేస్తారని పక్క సీటు మీదుగా జరిగి మట్టివైపు దిగాను. పక్క తలుపు తోసి, లోపలికెక్కి మూటలు జరుపుతున్నాను. అప్పుడు వెనకనుంచి చప్పుడు. బండి మొత్తం ఊగింది.

"ఆ తర్వాత?"

"మోటార్ సైకిలు బండి కిందకి దూరిపోయింది. అది నడిపే పెయింటర్ అబ్బాయి రోడ్డు మీద పడున్నాడు. ఏమీ కనిపించట్లేదు, లైట్లెయ్యమ్మా అని టీ కొట్టతను అరిచాడు. పరిగెత్తి తాళంపెట్టి ముందు లైట్లు వేశాను."

"ముందు లైట్లు మాత్రమే వేశారు."

"అవునండీ."

"మరి ఆ టీ కొట్టతను చూసిందేమిటి? అప్పుడే నాలుగు లైట్లూ కొట్టుకోవడం మొదలయ్యాయి అంటున్నాడు. 'ఇప్పుడా వేసేది!' అని మిమ్మల్ని కేకలేశాడట కూడా."

కేకలేశాడు. ఆమెకి గుర్తుంది. అప్పుడు దానికి అర్థం ఏమిటో తెలియలేదు.

సూపర్‌వైజర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "చూడండమ్మా. రవాణా శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తాడు, బండి చూస్తాడు. లైట్లు పనిచేస్తాయి, నాకు తెలుసు, నిన్న నేనే వేసి చూశాను. అప్పుడిక మీరే మిగులుతారు. లైట్లు బాగున్నా వెయ్యలేదు, పైగా వేశానని వాదించింది అంటారు. లైసెన్సు దాకా వెళ్తుంది. అదే మీరు, కంగారులో మర్చిపోయానండీ అని ఒక్క మాట అంటే, ఇన్సూరెన్స్ వాళ్ళు సాగదీయరు. ఆ పెయింటర్ అబ్బాయి వైద్యం కూడా ఆగదు. మిమ్మల్ని మడతల సెక్షన్లో పెట్టుకుంటా. మానెయ్యమని అననుగా."

ఆయన మాటల్లో మోసమేమీ లేదు. నిజంగానే అందరికీ మేలు చేసే దారి వెతుకుతున్నాడు. అదే ఆమెని ఎక్కువ అలసటకి గురిచేసింది.

"ఆలోచించుకుంటానండీ," అంది.

ఈ గొడవ తేలేదాకా ఆమెని మడతల సెక్షన్లో వేశారు, అక్కడ ఇద్దరిద్దరు పని చెయ్యాలి. దుప్పటి చెరో కొస పట్టుకుని లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. ఒకరి చేతుల్లోంచి ఇంకొకరు తీసుకుని మళ్ళీ వెనక్కి నడవాలి. రోలర్లోంచి వచ్చిన దుప్పటి ఇంకా వేడిగానే ఉంటుంది. వ్యాన్‌లో ఈ మూటల్ని ఎన్నిసార్లు ఎక్కించిందో, దించిందో. ఒక్కో దుప్పటి ఇంత బరువుంటుందని మాత్రం ఆమెకి ఇప్పుడే తెలిసింది.

ఆమెకి జోడీగా ఇచ్చినావిడ లావుగా, నవ్వు మొహంతో ఉంటుంది. లాండ్రీలో అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు.

"గట్టిగా పట్టుకోకే తల్లీ, అది స్టీరింగు కాదు," అంది పెద్దమ్మ. "కొసలు వేళ్ళతో పట్టుకో. అదీ. ఎన్నాళ్ళుంచుతారంట నిన్నిక్కడ?"

"తెలీదు."

"ఉంటే ఉండు. ఎండా వానా లేవు. మంచు లేదు." ఎదురొచ్చి కొసలు అందుకుంటూ గొంతు తగ్గించింది. "వేశావా నిజంగా?"

"వేశాను పెద్దమ్మా."

"సరే," అంది పెద్దమ్మ. నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు. వేడి దుప్పటి ఇద్దరి మధ్యా సగమైంది, పావైంది, గుట్టమీదికి చేరింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భర్త ముందుగదిలో కూర్చుని రిపేరుకొచ్చిన మిక్సీ విప్పుతున్నాడు. మరలన్నీ పాత పేపరు మీద వరసగా పెట్టుకున్నాడు. అత్తగారు మంచం మీద కూర్చుని అతనికి సలహాలిస్తోంది.

"ఏమన్నాడు మీ ఆయన?" అనడిగింది అత్తగారు. సూపర్‌వైజర్ని ఆవిడ ఎప్పుడూ అలాగే అంటుంది. మొదట్లో ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు, ఇప్పుడెవరూ గమనించరు.

"మర్చిపోయానని ఒప్పుకోమంటున్నాడు అత్తయ్యా."

"ఒప్పుకోవడమేంటి? నువ్వు మర్చిపోవడమేంటి? వీధి తలుపు గడియ పెట్టి, మంచమెక్కి, మళ్ళీ లేచొచ్చి గడియ లాగి చూసే మనిషివి. నీ వల్ల నాకు నిద్రే ఉండదు."

ఆమెకి ఆరోజు మొదటిసారి నవ్వొచ్చింది. భర్త మాత్రం నవ్వలేదు. స్క్రూడ్రైవర్ కొసతో మరని అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"ఒకటి అడగనా?" అన్నాడు.

"అడగండి."

"ఆ లైట్లు వేస్తే లోపల టక్ టక్‌మని చప్పుడొస్తుంది కదా. ఇంజను ఆపాక అయితే ఇంకా బాగా వినిపిస్తుంది. నువ్వు దిగేటప్పుడు వినిపించిందా?"

ఆమె కళ్ళు మూసుకుంది. మంచు కనిపించింది. పక్క సీటు మీద చినిగిన కవరు చేతికి తగలడం గుర్తొచ్చింది. తలుపు తీయగానే మొహానికి కొట్టిన చలి, కాలికింద మెత్తగా దిగిన మట్టి, ఎక్కడో కుక్క మొరగడం, అన్నీ గుర్తొచ్చాయి. టక్ టక్ లేదు. ఎంత వెతికినా లేదు. అంతా నిశ్శబ్దం.

"వినిపించలేదు," అంది.

భర్త తలూపాడు. "నిన్ను అనుమానించి కాదు. ఒక్కోసారి చెయ్యాలనుకున్నదాన్ని చేసేశామనుకుంటాం. నాకూ అవుతుంటుంది. మర బిగించాననుకుని మూత పెట్టేస్తాను."

"నీకవుతుంది. దానికవదు," అంది అత్తగారు.

కానీ ఆమె అప్పటికే మెట్లమీదికెళ్ళి కూర్చుంది. కుడిచేతి బొటనవేలు చూసుకుంది. ఆ వేలితోనే నొక్కింది. బటన్ లోపలికి దిగి 'టిక్' మన్న సంగతి ఆ వేలికి తెలుసు. అది రోజూ ఏదో ఒక ఆస్పత్రి గేటు దగ్గర నొక్కే బటనే. అలాంటప్పుడు వేలికి గుర్తున్నది ఏ రోజుది? నిన్నటిదా, మొన్నటిదా, పోయిన నెలదా? పొద్దుటిదాకా గట్టిగా ఉన్న మాట ఇప్పుడు చేతిలోంచి జారిపోతోంది. సూపర్‌వైజర్ అన్నప్పుడు కోపమొచ్చింది. టీ కొట్టతను అన్నాడంటే బాధేసింది. తన చెవులే తనకి సాక్ష్యం చెప్పనంటే ఇక ఎవరిని పట్టుకుని వాదించాలి?

మర్నాడు మధ్యాహ్నం సెలవడిగి ఆస్పత్రికెళ్ళింది. ఆమె రోజూ దుప్పట్లు దించే ఆస్పత్రే. వెనక గేటు నుంచి వెళ్ళడం అలవాటై, అడుగులు అటే పడబోతే ఆపుకుని ముందు గేటు నుంచి వెళ్ళింది. కాపలా అతను "ఏంటి వ్యాన్ అక్కా, ఇటొచ్చావు?" అన్నాడు. అని, గుర్తొచ్చినట్టుంది, చూపు తిప్పుకున్నాడు.

పెయింటర్ చివరి మంచం మీద ఉన్నాడు. ముప్పై దాటినట్టు లేడు. కుడిచెయ్యి కట్టులోంచి ఇనపచువ్వలు బయటికొచ్చి ఉన్నాయి. గోళ్ళ చుట్టూ నీలంరంగు ఇంకా పోలేదు. అతని కింద పరిచిన దుప్పటి మూలన తమ లాండ్రీ ముద్ర చూసింది ఆమె. తను తెచ్చిందే అయ్యుంటుంది.

పక్కనే ఉన్న అమ్మాయి దిగ్గున లేచింది. అతని చెల్లెలు. ప్రమాదం జరిగిన రోజు ఇదే ఆస్పత్రి వరండాలో అందరూ వింటుండగా, "నీ చేతులు పడిపోను," అని ఆమెని తిట్టింది.

"ఎందుకొచ్చారు? మళ్ళీ వేశాననే చెప్పడానికా?"

"కాదమ్మా," అందామె. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఒకసారి మాట్లాడదామని."

"రానీవే," అన్నాడు పెయింటర్. గొంతు బొంగురుగా ఉంది.

ఆమె మంచం దగ్గరికి వచ్చింది. దారి పొడుగునా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "తమ్ముడూ, నేను లైట్లు వెయ్యలేదేమో," అంది.

చెల్లెలు మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"వేశాననే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ చప్పుడు నాకు వినిపించలేదు. చూసినతను వెయ్యలేదంటున్నాడు. మీరూ లేవంటున్నారు. ఇంతమంది ఒకటంటుంటే నేనొక్కదాన్నీ ఇంకోటి ఎలా అనను? రేపు అదే చెప్పేస్తాను. మీ వైద్యానికి అడ్డం లేకుండా ఉంటుంది."

పెయింటర్ పైకప్పు వైపు చూశాడు. అక్కడ రంగు పొరలూడి ఉంది. అతను చూస్తున్నది దాన్నేనేమో.

"అలా చెప్పకక్కా," అన్నాడు.

"ఏం?"

"ఒక షాపుకి రంగేస్తున్నాం. పొద్దున్నే తెరవాలన్నారు. రెండు రాత్రుల్నుంచి నిద్ర లేదు నాకు. బండి మీద కూర్చున్నప్పుడే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎదురుగా ఏమీ లేదనే నాకు గుర్తు. తెల్లగా మంచు, అంతే. ఒక్కసారిగా గోడలాగా నీ బండి." అతను ఎడమచేత్తో కళ్ళు రుద్దుకున్నాడు. "కానీ నేను మెలకువగా చూశానో, నిద్రలో చూశానో ఎలా చెప్పను? నాలుగు లైట్లు కొట్టుకుంటున్నా నా కంటికి ఆనలేదేమో. పోలీసులకి ఈ నిద్ర సంగతి చెప్పలేదు. అప్పట్నుంచీ గుండెల్లో ముల్లులా ఉంది."

"నిన్నటిదాకా లేవనే అన్నావు కదన్నయ్యా!" అంది చెల్లెలు.

"ఆవిడా నిన్నటిదాకా ఉన్నాయనే అంది కదా."

అవతలి మంచం మీద ముసలాయన దగ్గాడు. నర్సు వచ్చి సీసా మార్చి వెళ్ళింది. ఆమెకి ఇంకేం చెయ్యాలో తోచక, అతని కాళ్ళ దగ్గర జారిన దుప్పటి కొస తీసి పరుపు కిందకి దోపింది.

"ఈ చెయ్యి ఎప్పటికి బాగవుతుందన్నారు?" అనడిగింది ఆమె.

"బ్రష్ పట్టుకోవచ్చన్నారు. భుజం పైకి లేస్తుందో లేదో చెప్పలేమన్నారు." అతను మళ్ళీ పైకి చూశాడు. "పైకప్పులన్నీ భుజం పైనే ఉంటాయి కదక్కా."

మర్నాడు ఆమె డ్యూటీకి రాగానే సూపర్‌వైజర్ గదికెళ్ళింది. "మర్చిపోయానని రాయండి. సంతకం పెడతాను," అంది.

ఆయన కుర్చీలోంచి లేచి, "మంచిపని చేశారు. ఇవాళ రాత్రి ప్రశాంతంగా పడుకోండి," అన్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారు ఇంకాసేపట్లో వస్తారు. ఆయన బండి చూసి వెళ్ళిపోయాక రాసుకుందాం. మీరు కూడా అక్కడే ఉండాలట."

వ్యాన్‌ని లాండ్రీ వెనక ఆవరణలో గోడవారన నిలబెట్టారు. వెనక ఒక పక్క లైటు పగిలి, వైర్లు బయటికి వేలాడుతున్నాయి. రెండోపక్కది బాగానే ఉంది. ఇన్‌స్పెక్టర్ రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. విపరీతమైన జలుబుతో ఉన్నాడు. చేతిరుమాలు మడిచి మడిచి వాడుతూ, మాట్లాడే ముందు ప్రతిసారీ ముక్కు చీదుతున్నాడు. ఎవరితోనూ పరిచయాలు పెట్టుకోకుండా నేరుగా బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎవరైనా బ్రేక్ తొక్కండి."

సూపర్‌వైజర్ ఎక్కి తాళం పెట్టి తొక్కాడు.

"వదలండి. మళ్ళీ తొక్కండి. నెమ్మదిగా. కాలు ఆనీ ఆననట్టు." బాగున్నవైపు ఎర్రలైటు వెలిగింది. పగిలిన వైపు వైర్లకి తన సంచీలోని బల్బు తగిలించి చూశాడు. అదీ వెలిగింది. "ఇది ఆరుతూ వెలగకూడదు," అన్నాడు, ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా. "పెడల్ మీద కాలుంటే నిలకడగా వెలగాలి. ఆగుతున్నాను అని చెప్పడానికి ఇది. సరే, హజార్డ్ వెయ్యండి."

సూపర్‌వైజర్ ఎర్ర బటన్ నొక్కాడు. ముందూ వెనకా లైట్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పగిలినవైపు ఇన్‌స్పెక్టర్ చేతిలో బల్బు కూడా ఆరుతూ వెలుగుతోంది. బండి లోపలి నుంచి టక్ టక్ టక్‌మని చప్పుడు వినిపిస్తోంది. ఆమె తల దించుకుంది.

"ఇది నిలకడగా ఉండకూడదు, ఆరుతూ వెలగాలి. ఆగిపోయాను అని చెప్పడానికి ఇది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రెండూ బాగానే ఉన్నాయి."

"నేను చెప్పలేదాండీ," అంటూ సూపర్‌వైజర్ బటన్ ఆపి దిగాడు. "మా బండ్లకి మెయింటెనెన్సు కరెక్టుగా ఉంటుంది. ఆవిడ కూడా ఒప్పుకున్నారు, కంగారులో మర్చిపోయానని."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు చూశాడు. "మీరేనా డ్రైవరు?"

"అవునండీ."

"ఆరోజు ఎలా ఆపారో అలా చేసి చూపించండి."

"ఆవిడ ఒప్పుకున్నారండీ," అన్నాడు సూపర్‌వైజర్ మళ్ళీ.

"ఒప్పుకుంటే ఒప్పుకున్నారు. ఆవిడ చెప్పింది పోలీసులు రాసుకుంటారు, నేను బండి చెప్పింది రాసుకోవాలి. మళ్ళీ ఇంత దూరం రాలేను, ఒళ్ళు కాలిపోతోంది. కానివ్వండమ్మా."

ఆమె ఎక్కి కూర్చుంది. చాలా రోజుల తర్వాత కూర్చున్నట్టనిపించింది. సీటు ఇంకా తన ఒంటి తీరులోనే ఉంది. స్టీరింగు కొద్దిగా పక్కకి తిప్పింది, మట్టిమీదికి దింపుతున్నట్టు. ఎర్ర బటన్ నొక్కింది. హ్యాండ్ బ్రేక్ లాగింది. తాళంచెవి తీసి పిడికిట్లో పట్టుకుంది. పక్క సీటు మీదుగా జరిగింది. చినిగిన కవరు చేతికి గీసుకుంది. తలుపు తీసి దిగి, సామాను తలుపు తాళం తిప్పి, పక్కకి తోసి, మోకాలు లోపల పెట్టి ఎక్కబోయింది.

"ఆగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ బండి వెనక నుంచి.

ఆమె ఆగింది. ఏదో తప్పు చేశానేమో అనుకుంది.

"ఆ బటన్ మీరు మళ్ళీ తీసేశారా?"

"లేదండీ."

"ఇటు రండి."

వెనక్కి వెళ్ళింది. బాగున్న లైటు నల్లగా ఉంది. ఇన్‌స్పెక్టర్ చేతిలో బల్బు నల్లగా ఉంది. ఆయన ముందుకెళ్ళి చూశాడు, అక్కడా అంతే. కిటికీలోంచి వంగి బటన్ చూశాడు. లోపలికి నొక్కుకునే ఉంది.

"తాళం పెట్టండి."

ఆమె వెళ్ళి పెట్టి, తిప్పింది. టక్ టక్ టక్. లైట్లు కొట్టుకున్నాయి. ఆరోజు తను తాళం పెట్టినప్పుడు టీ కొట్టతను చూసింది ఇదే.

"తియ్యండి."

తీసింది. ఆగిపోయాయి. చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఆమెకి తెలిసిన నిశ్శబ్దమే. మంచులో మట్టి మీద దిగినప్పటిది. భర్త అడిగినప్పుడు కళ్ళు మూసుకుని వెతికినా వెతికినా అదొక్కటే దొరికింది.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ పెట్టించాడు, మళ్ళీ తీయించాడు. తర్వాత ముక్కు చీది, చేతిరుమాలు జేబులో పెట్టుకుని, సూపర్‌వైజర్ వైపు తిరిగాడు. "ఇది కంపెనీ నుంచి ఇలా రాదు. మధ్యలో ఏదో పెట్టారు. ఎవరు పెట్టారు?"

సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది. "బ్యాటరీ కటాఫ్ అండీ అది," అన్నాడు. "డ్రైవర్లు లోపలి లైటు ఆర్పకుండా వెళ్ళిపోతుంటారు. పొద్దున్నకి బ్యాటరీ చచ్చిపోతుంది. ఒకరోజు రెండు బండ్లు కదల్లేదు, ఆపరేషన్ థియేటర్లకి గుడ్డలు అందలేదు. అందుకని తాళం తీయగానే కరెంటు మొత్తం పోయేలా పెట్టమన్నాను. ఎలక్ట్రీషియన్‌కి నేనే చెప్పాను. అన్ని బండ్లకీ, పోయిన వారమే."

"మొత్తం పోయేలా పెట్టమన్నారు. అతను మొత్తం పోయేలా పెట్టాడు." ఇన్‌స్పెక్టర్ గొంతులో కోపం లేదు. ఇలాంటివి రోజూ చూసే మనిషి అలసట ఉంది. "ఈ నాలుగు లైట్లకీ తాళంతో సంబంధం ఉండకూడదండీ. రూలే అది. బండి చచ్చి రోడ్డు మధ్యలో పడున్నా ఇవి బతికి ఉండాలి. వీటి పనే అది. మిగతా బండ్లు ఎక్కడున్నాయి?"

"సగం బయటికెళ్ళాయి."

"వచ్చినవి వచ్చినట్టు ఆపెయ్యండి. ఆ కటాఫ్ తీసేదాకా ఒక్కటీ గేటు దాటకూడదు."

సూపర్‌వైజర్ ఫోన్ తీశాడు. తీసి, ఏ నంబరు నొక్కాలో తెలియనట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆమె వైపు ఒకసారి చూసి, గేటు దగ్గరికి నడిచాడు.

ఆమె బండి అంచుమీద కూర్చుండిపోయింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. వేశాను. వేసిన లైట్లు నా చేత్తోనే ఆర్పాను, ఆర్పుతున్నానని తెలియకుండా. నిన్న ఒక మనిషి మంచం పక్కన నిలబడి వెయ్యలేదేమో అన్నాను. ఇవాళ పొద్దున రాసుకోండి, సంతకం పెడతాను అన్నాను. ఇన్‌స్పెక్టర్‌కి జ్వరం ఇంకొంచెం ఎక్కువై ఇవాళ రాకపోయుంటే, ఈపాటికి పెట్టేసేదాన్ని కూడా. తన వేలు చెప్పిన మాటని తను నమ్మకుండా ఎంత తొందరగా వదిలేసిందో తలుచుకుంటే, వాళ్ళందరి మీదకంటే తన మీదే ఎక్కువ కోపమొచ్చింది.

"లేవండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వెళ్ళి ఆ అబ్బాయికి చెప్పండి. నా రిపోర్టు చేరేసరికి వారం పడుతుంది. అప్పటిదాకా అతనెందుకు కొట్టుమిట్టాడాలి?"

సాయంత్రం పని అయ్యాక బయల్దేరింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ తన కారు పక్కన నిలబడి ఉన్నాడు. "ఆస్పత్రికేనా? నేనూ వస్తాను," అన్నాడు. దారిలో ఒకచోట ముందు బస్సు ఆగితే ఆయన బ్రేకు మీద అవసరానికి మించి గట్టిగా తొక్కాడు. ఆస్పత్రి మెట్ల దగ్గరికొచ్చాక ఆయన ఆగిపోయాడు. "ముందు మీరెళ్ళండి. నేనిక్కడే ఉంటాను," అన్నాడు.

ఆమె పైకెళ్ళింది. చెల్లెలు అన్నకి చెంచాతో ఏదో తినిపిస్తోంది. ఆమెని చూసి చెంచా గిన్నెలో పెట్టింది.

ఆమె నిలబడే చెప్పింది. బటన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, తాళంచెవి తీయడం, చప్పుడాగిపోవడం, వెనక్కెళ్ళి చూస్తే నల్లగా ఉండటం, అన్నీ. ఈసారి మాటలు పలచగా లేవు. పెయింటర్ కదలకుండా విన్నాడు.

"అంటే లైట్లు లేవు," అన్నాడు.

"లేవు."

"నువ్వు వేశావు. కానీ లేవు."

"అవును తమ్ముడూ."

"అంటే నేను నిద్రపోలేదు." అతను తలగడ మీంచి తలెత్తాడు. "మెలకువగానే ఉన్నానన్నమాట. ఏమీ లేదనే చూశాను, నిజంగా ఏమీ లేదు." ఎడమచేత్తో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి ఆ చేతి కిందనుంచే, "మళ్ళీ చెప్పక్కా," అన్నాడు.

మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. మధ్యలో చెల్లెలు లేచి, తను కూర్చున్న స్టూలు కాలితో ఆమె వైపు జరిపింది. మంచం పక్కన ఉన్నది అదొక్కటే స్టూలు.

"కూర్చోండి," అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఆరోజు మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నాను," అంది.

"పోన్లేమ్మా. ఆ స్థితిలో నేనైనా అంటాను."

పెయింటర్ కళ్ళు తుడుచుకుని తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. చువ్వలవైపు, కట్టువైపు, గోళ్ళ చుట్టూ ఉన్న నీలంరంగు వైపు. "ఇది మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది," అన్నాడు.

ఆమె తలూపింది.

"విచిత్రంగా ఉందక్కా. ఇన్నాళ్ళూ నిన్ను తిట్టుకున్నాను. నిన్నట్నుంచి నన్ను తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోడానికి ఎవరూ మిగల్లేదు."

"ఆ కటాఫో ఏదో పెట్టించినాయన ఉన్నాడుగా," అంది చెల్లెలు.

"ఉన్నాడు," అంది ఆమె. "కింద మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పైకి రావడానికి భయపడుతున్నాడు."

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెల్లెలి దవడ బిగుసుకుంది. పెయింటర్ పైకప్పు చూశాడు, ఆమెని చూశాడు.

"ఎలాంటి మనిషి?" అనడిగాడు.

ఆమె ఆలోచించింది. చెడ్డవాడంటే తేలిక. మంచివాడంటే అబద్ధం కాదు. "గొంతు పెంచడు," అంది చివరికి. "బ్యాటరీలు చచ్చిపోకూడదనుకున్నాడు. అంతకంటే ముందుకి ఆలోచించలేదు."

"రమ్మను."

"అన్నయ్యా!"

"రానీవే. ఆయన కూడా వినాలిగా, చెయ్యి భుజం పైకి లేస్తుందో లేదో తెలీదన్న సంగతి."

ఆమె కిందికి దిగింది. సూపర్‌వైజర్ ఆఖరి మెట్టు పక్కన గోడకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళజోడు చేతిలో ఉంది. ఆమె అడుగుల చప్పుడు విని సరిగ్గా నిలబడ్డాడు.

"ఏమన్నాడు?"

"మిమ్మల్ని పైకి రమ్మంటున్నాడు."

ఆయన మెట్లవైపు చూశాడు. అద్దం గదిలో, కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషి ఇక్కడ చాలా చిన్నగా కనిపించాడు. "మీరు కూడా రండమ్మా," అన్నాడు. "మీరు పక్కనుంటే..."

ఆమెకి ఒక్క క్షణం సరే అనాలనిపించింది. అలవాటు ప్రకారం నోరు అటే తిరిగింది కూడా. కానీ ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. ఈ నాలుగు రోజులూ అందరి మాటలూ తనొక్కతే మోసింది. ఇప్పుడు చెప్పవలసిన మాట తనది కాదు.

"ఒకటే స్టూలుందండీ అక్కడ," అంది. "మీరెళ్ళి కూర్చోండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. చొక్కా గుండీ ఒకటి సర్దుకున్నాడు. మెట్లెక్కడం మొదలుపెట్టి, సగంలో ఆగి, పిట్టగోడ పట్టుకున్నాడు. వెనక్కి తిరుగుతాడేమోనని ఆమె కిందనే నిలబడి చూసింది. తిరగలేదు. మలుపు దాటి, ఆయన అడుగుల చప్పుడు వరండాలో కలిసిపోయేదాకా ఉండి, ఇంటిదారి పట్టింది.